హాలు మధ్య ముగ్గు గీత

తడిపిన మట్టి మీద ముగ్గుపిండి పడగానే వచ్చే చల్లటి సున్నపు వాసన ఒకటుంది. పోయిన నెల బ్రాడీపేటలో మా పాత స్థలం ముందు ఆటో దిగేసరికి అదే వాసన ముక్కుకి తగిలింది. నాలుగు వాటాల మా ఇల్లు కూలగొట్టించి అపార్టుమెంటు కట్టిస్తున్నారు. ఏడుపొస్తుందేమో అనుకుంటూ వెళ్ళాను. ఏడుపు రాలేదు సరికదా, ఆరో తరగతి నాటి ఒక సాయంత్రం గుర్తొచ్చి, ఈ వయసులోనూ చేతులు వెనక్కి దాచుకున్నాను.

ఆ నాలుగు వాటాలు లేవక ముందు, ఎనభైల్లో, అక్కడ ఒక్క పెంకుటిల్లే ఉండేది. ముందు కనకాంబరాలు, వెనక ములగచెట్టు, దాని పక్కన జామచెట్టు, కొమ్మల నిండా మేమూ. వేసవి మొదట్లో మిరపకాయల లారీ ఒకటి వీధి మలుపు తిరిగిందంటే చాలు, వంటింట్లో అమ్మ, గేటు దగ్గర పాలవాడు, బడికి బయల్దేరిన నేను ఒకరి తర్వాత ఒకరం తుమ్మేవాళ్ళం. చిలకలూరిపేట మిల్లులకు పోయే లారీల నుంచి ఎగిరొచ్చిన దూది కంచెకు చిక్కుకుంటే, మార్తత్తయ్య పీచుపీచుగా ఏరి దాచి, ఏడాదికొక దిండు కుట్టేది.

మార్తత్తయ్య నాన్నకి అక్క. చిన్నప్పుడే తల్లి పోతే నాన్నని పెంచడంలో పడి పెళ్ళి సంగతే మరిచిపోయిన మనిషి. పెంకుటింట్లో సందు వైపు గది ఆవిడది. మంచం, ట్రంకుపెట్టె, ఒక కిటికీ, అంతే. మధ్యాహ్నం గోంగూర నూరి, చేతులు కడుక్కుని, "ప్రార్థన చేసుకోవాలే, ఎవరూ పిలవమాకండి" అని తలుపేసుకునేది. లోపలి నుంచి కాసేపు పాట వినిపించేది, ఆ తర్వాత గురక. క్రిస్మస్ ముందు వారమంతా ఆ గదిలోంచి అరిసెల వాసన వచ్చేది, ఎందుకంటే డబ్బా మంచం కింద, ఆవిడ కాపలాలో ఉండేది. నిజం చెప్పొద్దూ, ఆ డబ్బాకి నేను కన్నం వేసిన రోజులూ ఉన్నాయి.

అప్పట్లో గుంటూరంతా ఒకటే గోల, వాటాలు కట్టడం. ఉన్న ఇల్లు పడగొట్టి కింద రెండు, పైన రెండు వేసేవాళ్ళు. కోచింగు పిల్లల తల్లిదండ్రులు, బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు "వాటా ఏవన్నా ఖాళీ ఉందాండీ?" అంటూ గేట్లు కొట్టేవాళ్ళు. స్కూలు మాస్టారైన నాన్న కూడా దిగాడు. మూడు వాటాలు అద్దెకు, ఒకటి మాకు. మా వాటాకి ఒక పొడుగాటి హాలు, ఒక గది, వంటిల్లు. శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన కూటం మన ఇంట్లోనే జరగాలి, నలభై మంది కూర్చోవాలి, హాలు మాత్రం అంగుళం తగ్గకూడదు అని అమ్మ ముందే మాట తీసుకుంది. పాపం, అన్నేళ్ళూ ఇరుకు వసారాలో చాపలు పరిచి విసిగిపోయింది.

మరి అత్తయ్య గది? "వదిన హాల్లో మంచం వేసుకుంటుందిలే" అంది అమ్మ. నాన్న నేల చూపులు చూశాడు. రెండ్రోజుల తర్వాత అత్తయ్య ట్రంకుపెట్టె సర్దుతూ కనిపించింది.

"ఎక్కడికత్తయ్యా?"

"వేటపాలెం పోతానే. మా చిన్నాన్న కూతురు జీడిపప్పు కొట్టే కాడ పని చేస్తంది. వచ్చి ఉండమంది."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"నలుగురూ తొక్కుకుంటా పోయే హాల్లో నేనేడ కూర్చుని ప్రార్థన చేసుకునేదే?" అని దిండు ఒకటి నా చేతిలో పెట్టింది.

ఇల్లు పడగొట్టాక ఎదురింటి వెనక గదుల్లోకి మారాం. పునాదులు పడ్డాక పోతానని అత్తయ్య కూడా అప్పటికి మాతోనే వచ్చింది. పునాదులు తవ్వే ముందు రోజు మస్తాన్ మేస్త్రి మేకులు పాతి, దారాలు కట్టి, వాటి వెంట ముగ్గు పోశాడు. అబ్బ, ఎంత ముచ్చటేసిందో! ఇల్లు మొత్తం నేల మీద పరిచినట్టుంది. ఇది వంటిల్లు, ఇది గది అనుకుంటూ, గుమ్మం ఉండాల్సిన చోటు నుంచే తిరుగుతూ, మా హాల్లో తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాను. ఆడుతూ ఆడుతూ అత్తయ్య గది కోసం వెతికితే ఎక్కడా లేదు. మేస్త్రి వెళ్ళిపోయాడు. ముగ్గు బస్తా జామచెట్టు కింద ఉంది. పొద్దు గూకుతుండగా రెండు గుప్పిళ్ళు తీసుకుని హాలు చివర, సందు వైపు, ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా ఒక గీత పోశాను. మా ఇంట్లో ముగ్గులు వేసే అలవాటు లేదు కదా, గీత పిల్లకాలవలా వంకర్లు పోయింది. అయినా సరే అనుకుని చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను.

తెల్లారి నేను నిద్ర లేచేసరికే కూలీలు గడ్డపారలతో దిగిపోయారు. మేస్త్రి వేరే పని చూసుకుని పదింటికి వచ్చాడు. అప్పటికే హాలుకి అడ్డంగా మోకాలి లోతు గుంట. నా వంకర గీత ఏమైందో తెలీదు, గుంట మాత్రం తిన్నగా ఉంది. పనోళ్ళ చేతి గొప్పతనం అనుకున్నాను.

"ఎవర్రా ఇక్కడ తవ్వమంది?" అని నాన్న వీధి అదిరేలా అరిచాడు.

"ముగ్గున్న చోటల్లా తవ్వమన్నారండీ, తవ్వాం" అన్నారు వాళ్ళు.

నేను అమ్మ వెనక నక్కాను. మేస్త్రి గుంట చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం గోక్కుని, "పూడిస్తే నేల వదులైపోద్ది మాస్టారూ. గోడ లేపుకోండి. పైన శ్లాబుకీ బలం" అన్నాడు.

అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ గుంట వైపు చూసింది, తర్వాత ఎదురింటి అరుగు మీద ట్రంకుపెట్టె పక్కన కూర్చున్న అత్తయ్య వైపు చూసింది.

"పోన్లెండి. కూటానికి కొంతమంది వరండాలో కూర్చుంటారు. వదినా, నీ గదికి కిటికీ ఎటు పెట్టించమంటావు?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సందు వైపే" అంది. హమ్మయ్య! నేను ఏడ్చేశాను. ఎందుకేడుస్తున్నానో ఎవరూ అడగనందుకు ఇంకా ఏడ్చాను.

ఆ గదిలో అత్తయ్య ఇరవై ఏళ్ళ పైన ఉంది. అక్కడే తలుపేసుకుని పాడుకుంది, గురక పెట్టింది, ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ గదీ లేదు, జామచెట్టూ లేదు, కంచెకి దూదీ లేదు. ఆ రోజు చూశాను, పిల్లర్ల గుంటలకు మాత్రమే చదరాలుగా ముగ్గు పోస్తున్నారు. గదులు తర్వాతెప్పుడో గాలిలో లేస్తాయి. గుమ్మాల్లోంచి తిరిగి ఆడుకోవడానికి పిల్లలకి నేల మీద ఇల్లు లేదు.

అపార్టుమెంటు లేచేదాకా అమ్మా నాన్నా మళ్ళీ ఎదురింట్లోనే ఉంటున్నారు. నాన్న ఆ ఇంటి నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పని చూస్తున్నాడు. ఎనభై దాటింది. పక్కన కూర్చుని, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పేశాను. ఆ గీత పోసింది నేనే నాన్నా, అన్నాను.

"తెలుసమ్మా. పొద్దున్నే వచ్చి చూస్తే హాల్లో పాము పాకినట్టుంది. ఆ వంకరకి గోడ లేస్తుందా? చెరిపేసి, దారం కట్టి మళ్ళీ పోశాను."

"మరి అంతలా అరిచావెందుకు?"

నాన్న వెనక్కి తిరిగి చూశాడు. లోపల అమ్మ టీ గ్లాసుల చప్పుడు చేస్తోంది. నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"హాలు తగ్గదని మీ అమ్మకి మాటిచ్చాను కదే. నువ్వు మాత్రం చెప్పమాక."

చెప్పలేదు.