లేత నీలం కారుకు పెద్ద ఇంజన్

కామారెడ్డిలో మేముంటున్న అపార్ట్‌మెంట్ కింద, బండ్లు నిలిపే చోట, ఆదివారం పూట ఎవరో ఒకరు తమ మోటారు సైకిల్ విప్పుకుని కూర్చుంటారు. పాత గుడ్డ మీద పరిచిన నట్లు, పెట్రోలుతో కడిగిన చైను, డబ్బాలోంచి వేలితో తీసిన గ్రీజు, వీటన్నిటి వాసనా కలిసి మెట్ల మీదుగా మా వంటింటి దాకా వస్తుంది. కూరగాయలు తరుగుతున్నదాన్ని ఒక్క క్షణం ఆగుతాను. చిన్ననాటి వాసన తగిలితే కళ్ళు చెమరుస్తాయని, గొంతులో ఏదో అడ్డుపడుతుందని అంటారు. నాకు అలాంటిదేమీ జరగదు. వాసన వస్తుంది, దాని వెంట ఎల్లారెడ్డి వస్తుంది, నిజాంసాగర్ పోయే రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు వస్తుంది, అంతే. మళ్ళీ కత్తిపీట ముందుకు జరుగుతాను.

మా ఇల్లూ షెడ్డూ ఒకటే. ముందు షెడ్డు, వెనక చిన్న ఇల్లు, నడుమ ఒక వేపచెట్టు. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు పేరు నర్సింలు, ఊరందరికీ నర్సన్న మేస్త్రీ. ట్రాక్టర్లు, జీపులు, వరి నాట్ల కాలంలో నీళ్ళ మోటర్లు, ఏది మొరాయించినా ఆయన దగ్గరికే వచ్చేవి. అవ్వ పేరు బాలమణి. బీడీలు చుట్టేది. ఎండాకాలంలో తడి గోనెపట్టా కింద నానే తునికాకు వాసనా, షెడ్డులోంచి వచ్చే డీజిల్ వాసనా కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. బడిలో పిల్లలు నా పుస్తకాలు వాసన చూసి నవ్వేవాళ్ళు. వానలు మొదలయ్యాక బాపు ఇనుము కాల్చే కుంపటి మీదే మక్క కంకులు కాల్చేవాడు, వాటికి కొంచెం ఇనుప రుచి తగిలేది. ఆ తర్వాత సీతాఫలాలు వచ్చేవి, అవ్వ వాటిని ఆకు గంపలో మాగేసేది, తినబోతే గింజ గింజకూ పొగాకు ఘాటు. బతుకమ్మ రోజుల్లో పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్ల మీద బాపు కోసం తంగేడు పూలు, గునుగు పూలు మోపులు మోపులుగా దిగేవి, అవ్వ రొట్టెలూ బెల్లమూ కలిపి మలీద ముద్దలు చేసి అరటాకులో పెట్టి ఆ డ్రైవర్లకే ముందు ఇచ్చేది. అరిగిన బేరింగులోని ఇనుప గుండ్లే నాకు గోళీలు, పాత వాషరే తొక్కుడుబిళ్ళ.

బాపుకు ఒక అలవాటుండేది. ఇంజన్ బాగుచేసి స్టార్టు చేశాక కుడి అరచేయి దాని మీద ఆనించి, మెడ ఒక పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. వైద్యుడు నాడి చూసినట్టుండేది. చెవితో వినేవాళ్ళు చాలామంది ఉన్నారు, బాపు మాత్రం చేత్తో వినేవాడు. చెయ్యి తీసి "అయింది, తోలుకపో" అంటే ఇక ఆ బండి వెనక్కి వచ్చేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఎండాకాలంలో ఆ కారు వచ్చింది. దోమకొండలో కలప డిపో నడిపే మల్లేశం సేటు పట్నంలో ఎవరి దగ్గరో కొన్నాడు. కప్పు లేదు, ఇద్దరే కూర్చోవచ్చు, నేలకు ఆనుకున్నట్టు ఇంత ఎత్తు, లేత నీలం రంగు ఫైబర్ ఒళ్ళు. తట్టితే బుర్ర సొరకాయ తట్టినట్టు మోగేది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. ముసలివాళ్ళు "దీంట్ల పడుకోవాల్నా, కూసోవాల్నా" అని అడిగారు. చూపుకు చిరుతలా ఉన్న ఆ కారు చిన్నపాటి ఎత్తు ఎక్కాలన్నా రొప్పేది. లోపల ఉన్న ఇంజన్ అంత చిన్నది. సేటు ఆశ ఒకటే: ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన పెద్ద కారు ఇంజన్ కామారెడ్డి పాత ఇనుప సామాను దుకాణంలో పడి ఉంది, దాన్ని ఇందులో కూర్చోబెట్టాలి, దసరా రోజు కారుకు పూజ చేయించి జమ్మి చెట్టు దాకా తోలాలి.

బాపు కారు చుట్టూ తిరిగాడు, ముందు భాగం వంగి చూశాడు, జానలతో కొలిచాడు.

"పడతది సేటు. కని ఒళ్ళు తేలిక, గుండె బరువయితది. ముంగట స్ప్రింగులు మార్చాలె, బ్రేకులు పెద్దయి ఎయ్యాలె. ఉరికేదాని కంటె ముందుగాల ఆగేది చూడాలె."

"నువ్వెట్లంటె అట్ల నర్సన్నా" అన్నాడు సేటు.

అంతకాలం బాపు చెడినవాటిని బాగు చేశాడే కానీ, లేనిదాన్ని చెయ్యమని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ ఎండాకాలమంతా ఆయన అన్నం తింటూ కూడా కంచం పక్కన నేల మీద తడి వేలితో ఏవో గీతలు గీసేవాడు. పాత ఇంజన్ తీసేశాడు, కొత్తదాన్ని మోసే ఇనుప కాళ్ళు తానే కోసి, కాల్చి, అతికాడు. వేపచెట్టు కొమ్మకు వేలాడే గొలుసు కప్పీతో పెద్ద ఇంజన్ని లేపడం, దించి చూడడం, ఒక అంగుళం తగలడం, మళ్ళీ లేపి అక్కడ కోయడం. మామిడిపళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి. మృగశిర వచ్చింది, చెట్టు కింద నేల మెత్తబడింది.

వాన తుంపర పడుతున్న ఒక పొద్దున అది జరిగింది. నేను జడ వేయించుకుంటున్నాను. చప్పుడు పెద్దగా లేదు, బస్తా పడినట్టు వచ్చింది. అవ్వ చేతిలో నా జడ సగంలో వదిలేసి పరుగెత్తింది. గొలుసు కొక్కెం విచ్చుకుని ఇంజన్ కిందికి జారింది, దాన్ని సరిచేయడానికి పెట్టిన బాపు కుడి చెయ్యి ఇంజన్‌కూ కారు ఇనుప చట్రానికీ మధ్య ఉంది. బాపు అరవలేదు. "జాకీ తే" అని మాత్రం అన్నాడు, ఎవరికో చెప్పినట్టు.

కామారెడ్డి దవాఖానాలో చెయ్యి నిలబెట్టారు. వేళ్ళు పోలేదు. కట్లు విప్పాక వంకరగా, నల్లగా ఉన్నా అన్నీ ఉన్నాయి. మెల్లగా ముడుచుకున్నాయి కూడా. కానీ వాటిలో స్పర్శ లేదు. అవ్వ గోరువెచ్చని నీళ్ళలో ఆ చేతిని పెట్టి "తెలుస్తున్నదా?" అనేది. బాపు తల అడ్డంగా ఊపేవాడు. చన్నీళ్ళలో పెట్టి మళ్ళీ అడిగేది. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. పొద్దున లేచేవాళ్ళం, తినేవాళ్ళం, నేను బడికి పోయేదాన్ని, అవ్వ బీడీల చాట ముందేసుకునేది, బాపు షెడ్డు గడపలో స్టూలు మీద కూర్చుని రోడ్డు చూసేవాడు. చెట్టు కింద నీలం కారు మూతి తెరుచుకుని, మీద కప్పిన తాటిపత్రి పట్టాతో, వానలో నానుతుండేది.

మల్లేశం సేటు చూడటానికి వచ్చాడు. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు. "నువ్వేం ఫికర్ చెయ్యకు నర్సన్నా. పాణం బాగు చేస్కో. బండిని పట్నం పంపిస్త, ఆడ ఎవలన్న చేస్తరు." అవ్వ వాళ్ళిద్దరికీ చాయ్ తెచ్చి ఇచ్చింది. బాపు గ్లాసు కుడి చేత పట్టుకున్నాడు, సేటు మాటలు వింటున్నాడు. గ్లాసు వంగింది. కాగే చాయ్ వేళ్ళ మీద నుంచి ధారగా కారిపోతుంటే ఆయన అలాగే తలూపుతూ వింటున్నాడు. సేటు మాట ఆగిపోయింది. సేటు చూపు ఎక్కడుందో చూసి, అప్పుడు బాపు తన చెయ్యి చూసుకున్నాడు.

అవ్వ కొంగుతో ఆ చెయ్యి తుడిచింది. తుడుస్తూనే తల ఎత్తకుండా అంది: "బండిని యాడికి పంపకు సేటు. పండుగకు ఈడనే తయారయితది."

"ఎవలు చేస్తరమ్మా?"

"ఆయన చెప్తడు. నాకు చేతులున్నయి."

మరునాడు అవ్వ చాట పక్కన పెట్టి, చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుని షెడ్డులోకి పోయింది. అంతవరకూ ఆమె ఆ గడప లోపలికి అన్నానికి పిలవడానికి తప్ప వెళ్ళింది లేదు. బాపు స్టూలు కారు దగ్గరికి జరుపుకున్నాడు. "పదమూడు నంబరు పానా" అనేవాడు, ఆమె తప్పుది ఇస్తే విసుక్కునేవాడు కాదు, "దాని పక్కది" అనేవాడు. ఏళ్ళ తరబడి ఆకు మడిచి, దారం చుట్టి నేర్చిన వేళ్ళు ఆమెవి. బాపు వేళ్ళు దూరని సందుల్లోకి అవి పోయేవి, కంటికి కనబడని నట్టును తడిమి పట్టుకునేవి. బిగిసిన బోల్టు రాకపోతే పానా పిడి మీదికెక్కి కాలితో తొక్కేది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి నవ్వేవాళ్ళు. కొందరు ఆడవాళ్ళు వచ్చి "ఏందే బాలమణీ, గిదేం పని?" అని అడిగితే "గిదే పని" అనేది, కారు కింద నుంచి.

ఇంజన్ మళ్ళీ లేపే రోజు మాత్రం అవ్వ వేపకొమ్మను నమ్మలేదు. సేటు డిపో నుంచి మొద్దు దూలాలు తెప్పించి నిలబెట్టించింది, కొత్త కొక్కెం తగిలించి, దానికి ముందు బండరాయి కట్టి వేలాడదీసి చూసింది. ఇంజన్ పైకి లేచినప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, పొడుగాటి కర్రతో నెడుతూ దాన్ని దాని చోటికి పంపింది. బాపు ఆ కాసేపూ అటు చూడలేదు. ఇంటి గోడ వైపు తిరిగి నిలబడి "ఎంత ఎడమున్నది?" అని అడుగుతూ ఉన్నాడు. "బెత్తెడు." "ఇప్పుడు?" "ఏలంత." "ఇప్పుడు?" అవ్వ కర్రతో ఇంకోసారి నెట్టింది. తర్వాత "కూసున్నది" అంది.

బ్రేకుల పని మిగిలి ఉండగానే పండుగ దగ్గరపడింది. సేటు వచ్చి, పూజ అయ్యాక బ్రేకులు చూసుకోవచ్చన్నాడు. అవ్వ బాపు వైపు చూసింది. బాపు తల ఊపలేదు. "అయినంకనే బండి కదుల్తది" అంది అవ్వ. ఆ యేడు మా ఇంట్లో బతుకమ్మ పేర్చలేదు. తంగేడు మోపు షెడ్డు మూల పడి ఎండింది. మలీద ముద్దలు పక్కింటివాళ్ళు ఇచ్చినవి తిన్నాం.

దసరాకు ముందు రోజు మధ్యాహ్నం ఇంజన్ స్టార్టయింది. మొదట దగ్గింది, తెల్లని పొగ వదిలింది, తర్వాత నిలదొక్కుకుంది. రేకులు కూడా సన్నగా మోగాయి. బాపు లేచి వచ్చి, అలవాటు చొప్పున కుడి అరచేయి ఇంజన్ మీద పెట్టాడు, మెడ వాల్చాడు, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత చెయ్యి తీశాడు.

"నువ్వు పెట్టి చూడు" అన్నాడు అవ్వతో.

అవ్వ చెయ్యి పెట్టింది.

"ఎట్లున్నది?"

"వణుకుతున్నది."

"ఎట్ల వణుకుతున్నది?"

అవ్వ అరచేయి ఇంకొంచెం ఆనించింది. "చలికి వణికినట్టు గాదు. ఇసుర్రాయిల జొన్నలు పోస్తె పిడి కొట్టుకోదా, గట్లున్నది. ఒక్క తీరుగ."

"అయితె మంచిగున్నది" అన్నాడు బాపు.

సాయంత్రం సేటు వచ్చి, బాపును పక్కన కూర్చోబెట్టుకుని నిజాంసాగర్ రోడ్డు మీద తోలుకుపోయాడు. కాలువ మలుపు దాకా నీలం చుక్క కనబడింది, తర్వాత చప్పుడు మాత్రమే వినబడింది, తర్వాత అదీ లేదు. నేనూ అవ్వా రోడ్డు పక్కన నిలబడ్డాం. వాళ్ళు తిరిగి వచ్చాక సేటు ముఖం వెలిగిపోతోంది. "గాలి లెక్క పోయింది, గోడ లెక్క ఆగింది" అని రోడ్డున పోయేవాళ్ళను ఆపి చెప్పాడు. బాపు తలుపు తెరుచుకుని దిగాడు. ఎట్లుండెనని నేను అడిగాను. "మంచిగనే ఉండె బిడ్డా" అని లోపలికి పోయి పడుకున్నాడు. ఆ రోజు మేము సంబరపడాల్సింది. ఎవరమూ పడలేదు. అవ్వ గోళ్ళలో నలుపు పోవడానికి చింతపండు పెట్టి రుద్దుకుంటూ కూర్చుంది.

పండుగ తర్వాత ట్రాక్టర్లవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఆ నీలం కారు సంగతి నస్రుల్లాబాద్ దాకా పాకింది. "అమ్మా, నువ్వే చూడు" అనేవాళ్ళు. బాపు కూడా ఆశగా చూశాడు, ఆ కొన్ని రోజులూ స్టూలు షెడ్డు లోపలే వేసుకున్నాడు. అవ్వ అప్పటికే చాట ముందేసుకుంది.

"అది నీ కోసం చేసిన" అంది ఆయనతో. "ఊరి బండ్లన్ని నేనెందుకు చెయ్యాలె? నాకు ఇనుము వాసనే పడది."

అందులో కోపం లేదు. బాపుకూ కోపం రాలేదు. కొన్నాళ్ళకు పానాలు ఒక రైసుమిల్లు మేస్త్రీకి ఇచ్చేసి, అదే మిల్లులో గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పనికి కుదిరాడు. చివరిదాకా అదే చేశాడు. ఆ నీలం కారు ఏమైందో తెలియదు. సేటు దాన్ని ఎవరికో ఇచ్చాడని, వాళ్ళు పట్నం తీసుకుపోయారని విన్నాం. బాపు పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. అప్పుడు రాకపోయినా తర్వాత వస్తుందని చుట్టాలు చెప్పారు. కొన్నాళ్ళు ఎదురుచూశాను. తర్వాత అదీ మర్చిపోయాను.

అవ్వ ఇప్పుడు కామారెడ్డిలో నా దగ్గరే ఉంటుంది. బీడీలు మానేసింది. మొన్న చుట్టాల పెళ్ళికి ఇద్దరం బస్సులో నిజాంసాగర్ వైపు పోతుంటే ఎల్లారెడ్డిలో బస్సు కాసేపు ఆగింది. రోడ్డు వెడల్పు చేశారు, వేపచెట్టు లేదు, ఇల్లు లేదు. షెడ్డున్న చోట సగం రోడ్డులో కలిసింది, మిగతా సగంలో సెల్‌ఫోన్ల దుకాణం, దాని ముందు చల్లని సీసాల ఫ్రిజ్. "అవ్వా, ఇగో, ఈడనే" అని కిటికీలోంచి చూపించాను. అవ్వ చూసింది. అటు పక్కకు, ఇటు పక్కకు చూసింది.

"ఎండ బాగున్నది" అంది. "బస్సు ఆగే ఉన్నది గద, ఒక నీళ్ళ సీస తే."

దిగి వెళ్ళి తెచ్చాను. ఆమె కొంచెం తాగింది, మిగిలింది నేను తాగాను. బస్సు కదిలింది.