నీళ్లు లేని చెరువుకు ప్రెసిడెంటక్క

మా ప్రెసిడెంటక్క పోయిందన్న సంగతి నాకు కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నా మందుల షాపులో ఎవరికో బీపీ మాత్రలు కట్టిస్తుంటే ఫోను మోగింది. "మన ప్రియతమ అధ్యక్షురాలు ఇక లేరు. కాలనీకి తీరని లోటు" అని పెట్టాడు మా సంఘం వైస్ ప్రెసిడెంటు. వేలితో కొంచెం పైకి జరిపితే అదే మనిషి అంతకుముందు పెట్టిన మెసేజీ కనిపిస్తుంది: "ఒక్కరి మొండితనం వల్ల కాలనీ మొత్తం ఇబ్బంది పడాలా?" ఆ ఒక్కరు ప్రెసిడెంటక్కే. ఆ రెండింటి మధ్య ఒక గుడ్ మార్నింగ్ పువ్వూ, ఒక అద్దె ఇంటి ప్రకటనా ఉన్నాయి.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు శాంతంగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. నేను ఈ సంఘంలో జాయింట్ సెక్రటరీని, వీళ్ల మధ్యే బతకాల్సినదాన్ని, అయినా కోపంగానే రాస్తాను. అక్క కూడా దీన్ని తప్పుపట్టేది కాదు. "నీకు కోపం రాలేదంటే అది నీది కాదనుకున్నట్టే" అనేది ఆమె. చెరువు గురించే అనేది.

మా కాలనీ కడప అంచున, ఒక పాత చెరువు పక్కన ఉంది. ఇళ్లన్నీ చెరువుకు ఈ పక్క. మెయిన్ రోడ్డు, కాలనీ ఆర్చి, సంఘం హాలు ఆ పక్క. ఇంటికి రావాలంటే చెరువు కట్ట మీదుగా చుట్టి రావాలి. కట్ట దారి అంతా ఎర్రమన్ను, గుంతలు. ప్లాట్లు అమ్మిన ఏడాది మాత్రం చెరువు నిండుగా ఉండింది. బ్రోచరు మీద నీళ్లు, నీళ్లలో కొంగలు. ఆర్చి మీద 'లేక్ వ్యూ' అని పెద్ద అక్షరాలు. మేం అప్పులు చేసి ఇళ్లు కట్టుకొని పాలు పొంగించుకునేసరికి చెరువు ఎండి నెర్రెలిచ్చింది.

మన సీమలో చెరువంటే అంతే కదా. ఒక ఏడు నిండుతుంది, తర్వాత ఎన్నేళ్లు ఎండుతుందో ఎవరూ చెప్పలేరు. ఇది తెలియనివాళ్లం కాదు మేము. కోడుమూరు నుంచి వచ్చినవాళ్లున్నారు, ఆత్మకూరు నుంచి వచ్చినవాళ్లున్నారు, అందరం వాన కోసం మొగులు చూస్తూ పెరిగినవాళ్లమే. అయినా సొంతిల్లు అయ్యేసరికి ఎండిన చెరువు మాకు ఖాళీ జాగాలాగా కనిపించింది. బైకులు అడ్డంగా పోవడం మొదలుపెట్టాయి. తర్వాత కార్లు. ఆ తర్వాత ఒక ట్రాక్టరు వచ్చి, పగలగొట్టిన గోడల పెంటంతా ఆ దారి పక్కనే పోసిపోయింది.

ఆ పెంట చూసిన రోజే అక్క ప్రెసిడెంటుగా నిలబడింది. ఆమెది నేత కుటుంబం. టౌన్లో నూలు చీరల షాపు పెట్టుకొని, భార్యాభర్తలిద్దరూ నడుపుకునేవాళ్లు. సంఘానికి ఎవరూ నిలబడరు కాబట్టి పోటీ లేకుండా గెలిచింది. గెలిచిన మర్నాడు నల్ల గొడుగు, ప్లాస్టిక్ కుర్చీ తీసుకొని పోయి, చెరువులోకి బండ్లు దిగేచోట తుమ్మచెట్టు కింద కూర్చుంది. కంప కొట్టించి దారికి అడ్డం వేయించింది. పొద్దున షాపుకు పోయేముందు ఒక గంట, సాయంత్రం వచ్చాక ఒక గంట, అదే ఆమె కుర్చీ.

బండి ఆగితే ఆమె అనే మాట ఒకటే. "చుట్టూ పో. నీళ్లుండాయి."

మొదట్లో అందరూ నవ్వారు. నేనూ ఒకసారి అడిగాను, ఒక బండి పోతే ఏమవుతుందక్కా అని.

"ఒక బండి పోతే ఏం గాదు. దాని ఎనక ఇంగోటి పోతాది. చక్రాలు తిరిగిన కాడ నేల గట్టిపడి దావ అయితాది. దావ అయినాంక ఎవరో ఒకరు పక్కన పెంట పోస్తారు. ఒగనాడు ఆఫీసరొచ్చి, ఓహో ఈడ రోడ్డుండాదే అని రాసుకోని పోతాడు. అయిపాయ. వాన వచ్చేనాటికి నీళ్లు యాడ నిలబడల్ల?" అని గొడుగు ఇంకో చేతికి మార్చుకుంది. "నీళ్లుండాయనుకోని తిరిగితేనే నీళ్లొచ్చినప్పుడు జాగా ఉంటాది."

ఆమె మీద వైస్ ప్రెసిడెంటుకు కోపం ఎప్పటిదో చెప్పాలి. ఆయనది బండల వ్యాపారం, నాలుగు లారీలున్న మనిషి. కూతురి పెళ్లి ఇంటిముందే పెద్ద పందిరి వేసి చేశాడు. పెళ్లికొడుకు కారు పూలతో, బ్యాండుతో వచ్చి, దగ్గర కదా అని చెరువులోకి దిగబోయింది. అక్క కుర్చీలోంచి లేచి కారు ముందు నిలబడింది.

"నీళ్లుండాయి. చుట్టూ పోండి నాయనా."

డ్రైవరు కిందికి దిగి, ముందున్న ఎండు నేలంతా చూశాడు. "నీళ్లు యాడుండాయమ్మా?"

"ఈడే. నీకు కనపడల్యా, అంతే."

వైస్ ప్రెసిడెంటు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, ముహూర్తం దాటిపోతాది, నా పరువు తీస్తాండావే!"

"ఇంగా శానా టైముండాది లేప్పా. పెండ్లికొడుకును నిదానంగా కట్టమీద తోలకరా, ఊరంతా చూస్తారు."

కారు వెనక్కి తిరిగింది. బ్యాండువాళ్లు కట్ట మీద గుంతల్లో పడుతూ లేస్తూ వాయించుకుంటూ వచ్చారు. అక్క తర్వాత ఇంటికి పోయి పట్టుచీర కట్టుకొని, అదే పెళ్లికి వచ్చి, ముందు పంక్తిలో కూర్చొని కడుపునిండా భోంచేసింది. పెళ్లికూతురికి తన షాపులోకెల్లా మంచి చీర పెట్టింది. ఆమెకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆయన మాత్రం ఆ రోజు మరిచిపోలేదు.

ఏటా వానలకు ముందు చెరువుకు నీళ్లు తెచ్చే వంకలో పూడిక తీయించేది. ఇంటికొక మనిషి పార పట్టుకొని రావాలి. రానివాళ్ల ఇంటి ముందు నిలబడి బెల్లు మీద వేలు తీయకుండా నొక్కేది. ఒకాయన డ్రైవరును పంపితే, ఆ పిల్లవాణ్ని వెంటబెట్టుకొని ఆయన గుమ్మంలోకే పోయింది. "బోరు నీళ్లు తాగేది నువ్వు, మన్ను తీసేది ఈ అబ్బాయా? దా, బయటికి దా." ఆ పెద్దమనిషి లుంగీ మీదే వచ్చాడు. గంటసేపు తవ్వి, అరచేతులు బొబ్బలెక్కాయని గ్రూపులో ఫొటో పెట్టుకున్నాడు. పని ముగిశాక అక్క స్టీలు క్యానులో మజ్జిగ తెచ్చి అందరికీ పోసేది. ఎక్కువ తిట్లు తిన్నవాళ్లకు రెండో గ్లాసు.

ఆ తర్వాత ఒక ఏడాది తుఫాను పట్టి, ఆపకుండా వాన కురిసింది. తీసిన వంక తీసినట్టే పారింది. చెరువు నిండి మరవ పోయింది. నిండిన నీళ్లు పొర్లిపోయే చోటును మేం మరవ అంటాం. తెల్లారి అందరం గొడుగులేసుకొని కట్ట మీదికి పరిగెత్తాం. బ్రోచరు మీద చూసిన చెరువు మళ్లీ అప్పుడే చూశాం. అక్క షాపులోంచి కొత్త చీర, పసుపు కుంకుమ, గాజులు తెచ్చి గంగమ్మకు ఇచ్చింది. బైకులు తిరిగిన దారి నీళ్లలో ఎక్కడో అడుగున ఉంది. ఆ వైపు చెయ్యి చూపించి, "పోండప్పా ఇప్పుడు అడ్డదావన" అని నవ్వింది. చీర కొంగంతా తడిసిపోయి ఉంది. పిల్లలు మరవ అంచున నిలబడి సెల్ఫీలు దిగుతుంటే మళ్లీ అంతలోనే తిట్లు.

వారంలోపలే ఎండిన బోర్లకు నీళ్లొచ్చాయి. ట్యాంకర్ల కోసం బిందెలు వరస పెట్టడం తప్పింది. ఆ రోజుల్లో కాలనీలో ప్రతివాడూ 'మా చెరువు' అన్నాడు. చుట్టాలను పిలిచి చూపించారు. వైస్ ప్రెసిడెంటు ఇంటి పై అంతస్తుకు 'లేక్ ఫేసింగ్' అని బోర్డు పెట్టి అద్దె పెంచాడు. మళ్లీ ఎండలు వచ్చి నీళ్లు అడుగంటాయి. 'మా చెరువు' కాస్తా ఎండిన గుంట అయింది. అడ్డం వేసిన కంపను ఎవరో తగలబెట్టారు. అక్క మళ్లీ కంప కొట్టించి కుర్చీ వేసుకుంది.

నేను మరిచిపోలేనిది ఈ బుద్ధే. నీళ్లు వస్తే మాది, ఎండితే ఎవరిదో. కన్నబిడ్డ జ్వరంతో పడుకుంటే నా బిడ్డ కాదనే తల్లి ఉంటుందా?

అక్క షాపులో చీర మడతపెడుతూ కూలబడింది. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది. ఇంటికి తెస్తున్నారని తెలిసి మేం ఆడవాళ్లం కట్ట మీద నిలబడ్డాం, వ్యాను అటే రావాలి కాబట్టి. వ్యాను ఆర్చి దాటింది. దాని ముందు బైకు మీద వైస్ ప్రెసిడెంటు. తుమ్మచెట్టు దగ్గర ఆగి, ఇద్దరు మనుషుల చేత కంప పక్కకు లాగించాడు. వ్యాను చెరువులోకి దిగింది.

నేను కట్ట మీద నుంచి అరిచాను. గొంతు పోయేలా అరిచాను. ఎవరికి వినపడుతుంది? బూడిదరంగు దుమ్ము లేచి వ్యానును కప్పేసింది. ఇన్నేళ్లు ఒక్క బండిని పోనివ్వని మనిషిని ఆ దారినే మోసుకొచ్చారు. వ్యాను అద్దం మీది పూలదండ నిండా చెరువు మన్ను.

ఇంటిముందు ఆయన్ను పట్టుకొని అడిగాను.

"ఈ ఎండలో శవాన్ని చుట్టూ తిప్పమంటావామ్మా? ఫ్రీజర్ బాక్సు కరెంటుకు తగిలియ్యల్ల."

"శవం గాదన్నా. ప్రెసిడెంటక్క."

ఆయన వినిపించుకోలేదు, షామియానా వాళ్లతో మాట్లాడుతూ పక్కకు పోయాడు.

అక్క భర్తను నేను బావా అంటాను. మాటలు తక్కువ మనిషి. వ్యానులో డ్రైవరు పక్కన కూర్చున్నది ఆయనే. కర్మలు జరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం నేను అన్నం తీసుకొని పోతే, పళ్లెం ముట్టకుండా అన్నాడు: "బండి దిగేటప్పుడు చుట్టూ పోదామని చెప్పాలనుకుంటి. నోరు పెగల్లేదమ్మా. ఆ పొద్దు నాకు నోరు పెగల్లేదు." అన్నం చల్లారిపోతోంది తిను బావా అన్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు హాల్లో సంతాప సభ పెట్టారు. అక్క ఫొటోకు దండ, పక్కన ఫ్లెక్సీ. సభ మొదలవకముందే వైస్ ప్రెసిడెంటు ఒక తీర్మానం చదివాడు. అక్క జ్ఞాపకంగా, ఆర్చి నుంచి ఇళ్ల దాకా నేరుగా సిమెంటు రోడ్డు. చెరువు మధ్యలో. దానికి అక్క పేరు. ఫ్లెక్సీ మీద ఆ పేరు అప్పటికే అచ్చయి ఉంది.

లేచి నిలబడ్డాను. "బతికినన్నాళ్లూ ఆమె ఏం వద్దన్నదో దానికే ఆమె పేరు పెడతారా? సిగ్గుండాదా మనకు?"

"ఆవేశపడగాకమ్మా," అన్నాడు ఆయన, నిదానంగానే. "రేపు ఎవరికన్నా గుండెనొప్పి వస్తే కట్టమీద చుట్టి పోయేసరికి ప్రాణం నిలుస్తాదా? అయినా, అక్క గూడా చివరికి ఆ దావనే ఇంటికొచ్చింది గదా."

అప్పుడు అర్థమైంది నాకు, కంప ఎందుకు లాగించాడో. లేక అప్పుడు నిజంగా తొందరతోనే లాగించి, తర్వాత దాన్నే వాడుకున్నాడో. ఏదైనా ఒకటే.

"కట్టమీద తారు రోడ్డు వెయ్యండి అని ప్రతి మీటింగులో అడిగింది అక్క. ఆ పొద్దు మీకు గుండెనొప్పులు గుర్తురాలేదా?" అన్నాను. కొందరికి నా మాట సబబే అనిపించి ఉంటుంది, కానీ రోడ్డు పడితే వాళ్ల ప్లాట్ల ధర పెరుగుతుంది.

అక్క పేరు పెడుతున్నారు కాబట్టి తీర్మానం మీద బావ సంతకం కావాలన్నారు. ఆయన ఇంకా రాలేదు. కిటికీ దగ్గరున్నవాళ్లెవరో, "అదో, కట్టమీద వస్తాండాడు" అన్నారు. అందరం అటు చూశాం. ఎండిన చెరువుకు ఆ చివర, అక్క నల్ల గొడుగు వేసుకొని, ఒక మనిషి చిన్నగా నడిచి వస్తున్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషి. నేరుగా వచ్చి ఉంటే ఎప్పుడో వచ్చేసేవాడు. నడిచి, మలుపు తిరిగి, తుమ్మచెట్టు దగ్గర ఒక క్షణం ఆగి, మళ్లీ నడిచాడు.

ఆయన గుమ్మంలో గొడుగు ముడుస్తుంటే వైస్ ప్రెసిడెంటు ఎదురుపోయాడు. "అంతా నీ కోసమే కాచుకోనుండాము గదన్నా. నేరుగా వస్తే అయిపోయేది."

"నీళ్లుండాయి గదప్పా," అన్నాడు బావ.

గట్టిగా అనలేదు. ఎవరినో దెప్పుతున్నట్టు కూడా అనలేదు. వచ్చి ఫొటోకు దండం పెట్టి కూర్చున్నాడు. తీర్మానం కాగితం వైస్ ప్రెసిడెంటు చేతిలోనే ఉండిపోయింది. దాన్ని ఆ రోజు ఎవరూ ముందుకు తేలేదు. తెస్తారు. నాకు వీళ్లు తెలుసు, వచ్చే మీటింగుకో ఆ పై మీటింగుకో తెస్తారు. నేనూ ఉంటాను. అక్క కుర్చీ ఇప్పుడు మా షాపులో ఉంది, రేపటి నుంచి తుమ్మచెట్టు కింద వేస్తాను.

సభ ముగిసి బయటికి వస్తే గుమ్మం ముందు చెప్పుల కుప్ప. అన్నింటికీ బూడిదరంగు చెరువు మన్ను. నావాటికీ బావ వాటికీ మాత్రం కట్ట మీది ఎర్రమన్ను. ఆ సంగతి చూసింది నేనొక్కదాన్నే కాదు. చెప్పులు వేసుకుంటూ అందరూ కిందికే చూస్తున్నారు.

బావ, నేను కట్ట ఎక్కి ఇంటిదారి పట్టాం. కొంత దూరం వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. కాలనీవాళ్లంతా బండ్ల తాళాలు చేతుల్లో పట్టుకొని, ముందుగా ఎవరు దిగుతారా అని ఒకరినొకరు చూసుకుంటూ, చుక్క నీరు లేని చెరువు ఒడ్డున, నీళ్ల ముందు ఆగిపోయినట్టు నిలబడి ఉన్నారు.