దూలానికి వేలాడిన ఇంజిన్

మెకానిక్కులందరూ దొంగలేనని ఎసెన్‌కుల్ ముప్పై ఏళ్లుగా కరకోల్ ఊళ్లో, మా వీధిలో చెబుతున్నాడు. అతని కారు ఇంతవరకూ ఒక్క మెకానిక్ మొహం చూసి ఎరగదు. రిపేర్లన్నీ ఇంటి గ్యారేజీలో తనే చేసుకుంటాడు. చేసిన ప్రతిసారీ రెండు మూడు బోల్టులు మిగులుతాయి. "ఫ్యాక్టరీ వాళ్లు అనవసరంగా ఎక్కువ పెట్టారు" అంటాడు.

మొన్న ఏకంగా ఇంజినే బయటికి తీయాలన్నాడు. లిఫ్టు లేదు. దూలానికి కప్పీ కట్టి, మోకు వేసి, ఇరుగుపొరుగు నలుగురిని పిలిచాడు. అందులో నేనొకణ్ణి. అయిదుగురం లాగితే ఇంజిన్ మూరెడు పైకి లేచిందో లేదో, వీధి పెద్ద అల్దాయార్ తాత గుమ్మంలో నిలబడి కళ్లెర్రజేశాడు.

"బాతా చెప్పించుకోకుండానే మొదలెట్టేశార్రా? పెద్దవాడి దీవెన అక్కర్లేదా మీకు?"

"తప్పయిపోయింది తాతా, చెప్పు. కాస్త తొందరగా కానీ" అన్నాడు ఎసెన్‌కుల్, మోకు వదలకుండానే.

తాత తొందరపడలేదు. ఇంజిన్‌నీ, కారునీ, రోడ్లనీ, మా అందరి గొర్రెలనీ తీరిగ్గా దీవించి, చివర "ఓమీన్" అన్నాడు. ఆ మాట వినగానే చేసేదే, పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు కదా, అయిదుగురం రెండు చేతులూ ఎత్తి ముఖం తుడుచుకున్నాం.

దభేల్‌మంది. ఇంజిన్ వెళ్లి ఎప్పటి చోటే కూర్చుంది. కారు ముందు చక్రాలు మాత్రం చెరో పక్కకి పడుకున్నాయి.

"అందుకేరా, బాతా మొదట్లోనే చెప్పించుకోవాలనేది" అన్నాడు తాత.

ఎసెన్‌కుల్ ఇప్పుడు వీధంతా చెప్పుకుంటున్నాడు: "ఇంజిన్ తీయడం, మళ్లీ పెట్టడం, రెండూ ఒక్క పూటలో అయిపోయాయి. ఏ మెకానిక్ చేస్తాడో చెప్పండి!"