డోలీ వెనక భుజం

మా కంచరపాలెం ఇంటి గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టడానికి నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు నర్సుగా పని చేశాను. అందులో పదకొండేళ్లు పాడేరు పైకొండల్లోనే. ఎవరైనా దెయ్యాన్ని చూశామంటే ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, వెలుతురు ఎలా ఉంది అని అడిగేదాన్ని. చాలామంది కథ అక్కడితో ఆగిపోయేది.

ఇప్పుడు అవే ప్రశ్నలు నాకు నేనే వేసుకుని ఇది రాస్తున్నాను. పట్టపగలు, తొమ్మిది యాభై అయిదు నుంచి పది యాభై వరకు, నాకు మూడు బారల దూరంలో జరిగింది. ఆనాటి డైరీ ఇంకా నా దగ్గరుంది.

అది తొంభై ఎనిమిది ఆగస్టు. ఆ ఊరి పేరు రాయను. కొండ మీద పదిహేడు గడపలు. రోడ్డు లేదు, కరెంటు లేదు. తాగే నీళ్లు ఊట నుంచి తెచ్చుకోవాలి. ఉప్పు కావాలన్నా, కిరసనాయిలు కావాలన్నా నాలుగు గంటలు దిగి సంతకు పోవాలి. నెలకోసారి పిల్లల టీకాలకు నేను వెళ్లేదాన్ని. ఆసారి వాన పట్టుకోవడంతో రాత్రికి అక్కడే ఉండిపోయాను.

తెల్లవారేసరికి బుద్దు అనే అతను వచ్చి పిలిచాడు. అతని భార్య జమిలికి ఎనిమిదో నెల నిండింది. నొప్పులు లేవు, రక్తం పోతోంది. నాడి నూటనాలుగు. లోపల మాయ అడ్డం పడిందని నాకు అర్థమైంది. ఆపరేషన్ తప్ప దారి లేదు. అది నా చేతిలో పని కాదు.

ఆ రోజు సంత. పసుపు కావిళ్లు ఎత్తుకుని మగవాళ్లంతా ముందురోజే దిగిపోయారు. సంత రోజున రోడ్డు మొదటికి ఒక జీపు వస్తుంది. పదకొండు గంటలకు మనుషుల్ని దింపి వెనక్కి తిరుగుతుంది. అది తప్పితే మళ్లీ సాయంత్రం నాలుగుకే. జమిలి నాలుగు దాకా ఆగదని నాకు తెలుసు. ఆ మాట బుద్దుతో చెప్పేశాను.

డోలీ మోయడానికి నలుగురు కావాలి. ఊళ్లో మిగిలింది ముగ్గురే: బుద్దు, జమిలికి అన్న, బుద్దుకు బావ అయిన సోమన్న, కాస్త వయసు మళ్లిన గాసన్న. వెదురు బొంగుకు దుప్పటి కట్టి జమిలిని అందులో పడుకోబెట్టారు. బుద్దు తల్లి చిలకమ్మ దుప్పటి ముడులు లాగి చూసి, కొడుకు వైపు తిరిగి ఒక్కటే చెప్పింది.

"దారిలో దించొద్దురా."

అది ఆ ఊరి కట్టు. బతికున్న మనిషిని మోసే డోలీని రోడ్డు చేరేదాకా నేలకు ఆనించరు. దారిలో దించేది ప్రాణం పోయిన మనిషినే. అందుకే మోత మారేటప్పుడు కూడా ఆగరు. నడుస్తూనే కొత్తవాడు బొంగు కింద భుజం దూరుస్తాడు, పాతవాడు బయటికి జారుకుని ముందుకు పోయి అడ్డొచ్చే కొమ్మలు తప్పిస్తాడు. దిగుడులో తల పైకి ఉండాలి కాబట్టి వెనక మోసేవాడు రోగి తల దగ్గర ఉంటాడు.

ఏడూ పదికి బయలుదేరాం. సన్నగా వాన, మంచు. ముగ్గురూ ఎరువుల సంచుల్ని ముసుగులా మడిచి తల మీద వేసుకున్నారు. వెనక నుంచి ఎవరు ఎవరో తెలియడం లేదు. నేను డోలీ వెనకే నడిచాను. మోత మారినప్పుడల్లా టైము రాసుకుంటూ, వీలైనచోట జమిలి మణికట్టు పట్టుకుని నాడి చూస్తూ.

తొమ్మిది ఇరవై అయిదుకు దారికి అడ్డంగా పారే కొండవాగు, గెడ్డ దగ్గరికి చేరాం. గెడ్డ దిగే రాళ్ల మీద గాసన్న జారాడు. అప్పటికి అతని భుజాన బొంగు లేదు, అదొక్కటే అదృష్టం. చీలమండ చూస్తుండగానే వాచిపోయింది. కట్టు కట్టి, బండ కింద కూర్చోబెట్టాను.

"పొండి, పొండి. సంత నుంచి వచ్చినోలు నన్ను ఎత్తుకొత్తారు," అన్నాడు గాసన్న.

బుద్దు, సోమన్న, నేను మోకాలి లోతు నీళ్లలో గెడ్డ దాటాం. అక్కడి నుంచి రోడ్డుకు నలుగురు మోస్తే గంటంబావు. వీళ్లిద్దరే. జీపుకు గంటన్నర కూడా లేదు. నేనూ ఒక పట్టు పడతానన్నాను.

"నీ బుజం మా మోచేతికాడికి కూడా రాదు నర్సమ్మా. డోలీ పక్కకొరిగిపోద్ది," అన్నాడు సోమన్న. తర్వాత ముందున్న బుద్దుతో, "బావా, అత్త పెట్టిన అంబలంతా ఇప్పుడు సూపించు," అన్నాడు. బుద్దు నవ్వలేదు.

ఇక్కడి నుంచి డైరీలో ఉన్నదే రాస్తాను.

9.55. వెనక మోత మారింది. నాడి 118.
10.15. ముందు మోత మారింది. నాడి 124.
10.35. ముందు మోత మారింది. నాడి అందలేదు, మెడ దగ్గర చూశాను.

ఇది రాస్తున్నప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు. పొద్దుటి నుంచి ముగ్గురు మారుతూ ఉండటమే చూస్తున్నాను. కన్ను దానికి అలవాటు పడింది. సంచి కప్పుకున్న మనిషి ఒకడు మంచులోంచి పక్కకు వచ్చాడు, బొంగు కింద భుజం పెట్టాడు, సోమన్న ముందుకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత నా చూపంతా డోలీ అడుగున ఉంది. దుప్పటి తడిసి ఎర్రటి చుక్కలు రాలుతున్నాయి. వంద అడుగులకు ఎన్ని చుక్కలో లెక్కపెడుతున్నాను.

పది యాభైకి రోడ్డు కనిపించింది. జీపు ఉంది. సోమన్న కేకలు వేస్తూ దాన్ని ఆపడానికి పరిగెత్తాడు. నేను కూడా ముందుకు వెళ్లి సీటు ఖాళీ చేయించాను. సోమన్న తిరిగొచ్చి వెనక బొంగు పట్టాడు. డ్రైవరు, బుద్దు, సోమన్న కలిసి జమిలిని లోపల పడుకోబెట్టారు.

"మూడో అతన్ని కూడా రమ్మను. అక్కడ రక్తం ఇవ్వాలంటారు," అన్నాను.

సోమన్న వెనక్కి చూశాడు. "గాసన్న కాలు బాగయిపోయి ఎనకాలొచ్చీసినాడనుకున్నాను నాను. ఇప్పుడే కదా ఆడి బుజం కింద నుంచి బొంగు తీసుకున్నాను."

"గాసన్న గెడ్డ అవతల ఉన్నాడు కదేటి బావా," అన్నాడు బుద్దు.

"మరి ఎనక మోసినోడెవడు?"

బుద్దు దారి వైపు తిరిగి చూశాడు. సంత నుంచి ఎదురొచ్చిన మనిషెవరో వెనక పట్టు పట్టాడని తను అనుకున్నాడట. మోతలో ఉన్నవాడు మెడ తిప్పలేడు. దారి మీద ఎవరూ లేరు. డ్రైవరును అడిగాను. కొండ దిగి వచ్చింది మీ ముగ్గురే అన్నాడు.

జీపు కదిలింది. పాడేరులో చూసి, విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. సాయంత్రానికి ఆపరేషన్ అయింది. ఆడపిల్ల, రెండు కేజీల నూరు గ్రాములు. ఒక్క గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరు గారు చెప్పారు.

మూడో రోజు జమిలి కళ్లు తెరిచి మాట్లాడింది. నేనేమీ అడగకుండానే అడిగింది.

"నా తలకాడ మోసినోడు ఎవుడమ్మా?"

"ఎందుకలా అడిగావు?"

"ముందు మా ఆయన రొప్పడం ఇనపడింది. అన్న రొప్పడం ఇనపడింది. ఆడిది ఊపిరే ఇనపడనేదు. నా సెవి కాడే ఉన్నాడు."

పై నెల వెళ్లినప్పుడు అన్నీ విచారించాను. మేం దాటిన అరగంటకే గెడ్డ ఛాతీ లోతు పొంగిందట. సంత నుంచి వచ్చినవాళ్లు మధ్యాహ్నం రెండు గంటలకు రోడ్డు వైపు ఒడ్డున నిలబడి, ఊరి వైపు బండ కింద గాసన్నను చూశారు. చీకటి పడేముందు గానీ దాటలేకపోయారు. నేను కట్టిన కట్టు ముడి కూడా మారలేదట. దారిన పోయే మనిషెవరో సాయం పట్టి ఉంటాడని ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో అడిగాను. ఎవరూ లేరు. మోత మారిన టైము నేనే తప్పు రాశానేమో అంటే, ఇద్దరే మార్పు లేకుండా మోస్తే అంత త్వరగా చేరడం కుదరదు. పైగా గెడ్డ దాటాక కాసేపు భుజాన బొంగు లేకుండా నడిచామని ఇద్దరూ చెబుతున్నారు.

నేను అడగడం అయ్యేదాకా చిలకమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత బిడ్డను జమిలికిచ్చి నా దగ్గరికి వచ్చింది. బుద్దు కంటే ముందు తనకొక కొడుకు ఉండేవాడని అప్పుడే చెప్పింది. జ్వరంతో డోలీలో తీసుకెళ్తుంటే గెడ్డ దాటిన కాసేపటికే దారిలో దించాల్సి వచ్చిందట.

"మా పెద్దోడు ఎప్పుడూ ఎడం బుజమే ఇచ్చేవోడు. కుడి బుజం మీద పుండుండేది. నువ్వు ఎనకాలే ఉన్నావు కదమ్మా. ఆడు ఏ బుజం ఇచ్చేడు?"

డైరీ తీశాను. చూడనక్కర్లేదని తెలిసినా తీశాను. టైములున్నాయి, నాడి ఉంది, చుక్కల లెక్క ఉంది. యాభై అయిదు నిమిషాలు ఆ భుజం నా కళ్లెదుటే ఉంది. నేను చూడలేదు.

"తెలీదమ్మా," అన్నాను.

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. దాస్తున్నానని అనుకుందో ఏమో. ఆ తర్వాత నాలుగేళ్లు ప్రతి నెలా ఆ ఊరికి వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ఏమైనా గుర్తొచ్చిందా అని అడిగేది. చనిపోయే ముందు నెల కూడా అడిగింది. ఏదో ఒక భుజం పేరు చెప్పేస్తే ఆమె మనసు కుదుటపడేది, నాకు తెలుసు. చూడనిదాన్ని చూశానని చెప్పలేకపోయాను. అది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు.