సారు పంచె మీద తెల్లగా మిగిలిన ఊరు

మా సోషల్ సారు పోయారు. ధర్మవరం బస్టాండులో సాగునీటి కోసం కరపత్రాలు పంచుతుంటే నాతో చదువుకున్న నేతగాడొకడు వచ్చి చెప్పాడు. చేతిలో మిగిలిన కాగితాలు ఎవరికిచ్చానో గుర్తులేదు.

తొంభైల్లో పెనుకొండ హైస్కూల్లో చదివినవాళ్లకు ఆయన పంచె గుర్తుండాలి. కట్టుకున్నది కాదు, పటం గీసింది. ఏటా వేరుశనగ పెరికాక సారు ఒక తెల్లపంచె మీద నీలం సిరాతో పెన్నేరునూ చిత్రావతినీ గీసి, ఊరికొక సున్న చుట్టి, మమ్మల్ని కొండెక్కించి, చుట్టూ చూపించి, రంగులు వేయించేవారు. చెరువు కింద వరికి చిక్కుడాకు పసరు, వేరుశనగకు పసుపు, సాగులేని నేలకు ఎర్రమన్ను. కట్టుబాటు ఒకటే: కాలు పెట్టని ఊరికి రంగు పెట్టకూడదు.

ఒకసారి హిందూపురం వైపంతా ఎర్రమన్ను పులిమేశాను.

"ఏమప్పా, యాడ చూసినావు ఇంత బీడు?"

"పుస్తకంలో ఉండాది సార్. పెద్దోళ్లు బోర్లేసి ఏటిని పీల్చేసినారు."

"ఆ రాసినాయన నడిచినాడో లేదో, నువ్వు మాత్రం నడిచి రా."

వెళ్లాను. పెన్నేట్లో ఇసుకే, నిజమే. కానీ బోర్ల పక్కన మల్బరీ తోటలు నిగనిగలాడుతున్నాయి. వాటి వెనక బీళ్లు. వచ్చి చెప్తే సారు అన్నారు: "ఇప్పుడు కోపం చేసుకో. యాడ పచ్చగుండాదో, యాడ లేదో చూసినోడి కోపం పనికొస్తాది."

చెన్నేకొత్తపల్లి అవతల ఒక సున్న మాత్రం ఏటా తెల్లగానే ఉండేది. అది సారు సొంతూరు.

"అందరి ఊర్లూ అడుగుతారు. మీ ఊరికి రంగు లేదా సార్?" అని గట్టిగానే అడిగాను. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"చెరువు కింద మడి అమ్మి మా నాయన నన్ను చదివించినాడప్పా. దాంట్లో ఇంగొకరు నాటేది చూడలేక మళ్లా ఆ ఊరికి పోనేలేదు."

ఈ వేసవిలో మంచం పట్టాక ఆయనే అన్నారు: "వాన పడినాక నన్ను మా ఊరికి పిల్చుకపోతావా? ఆ సున్న అట్లే మిగిలిపోయేట్టుండాది." బైకు తెస్తానన్నాను. వానలు పడ్డాయి. సారు లేరు.

నిన్న సారు భార్య, ఆయన చివరిగా గీసిన పంచె నా చేతికిచ్చింది. "నువ్వన్నా పోయి రా నాయనా."

వెళ్లాను. ఆయన మడి ఏదో చెప్పగలిగినవాళ్లే లేరు. చెరువు కిందంతా ప్లాట్ల రాళ్లు, సున్నం కొట్టి వరసగా పాతారు. ఒకటి పెరికేద్దామని చెయ్యి వేసి, తీశాను. ఇంకా అంతా చూడలేదు కదా.

తూము దాకా నడిచాను. అక్కడ కారే నీళ్లలో ఒక అవ్వ చారెడు మడి నాటుకుంటోంది.

"ప్లాటు కొనేకొచ్చినావా అబ్బీ?"

"లేదవ్వా. రంగేసేకొచ్చినా."

"రంగా? ఈడ గోడ యాడుండాది?"

పంచెను రాయి మీద పరిచి, సున్ననిండా తడి ఎర్రమన్ను పులిమాను. తూము దగ్గర మాత్రం వదిలి, అక్కడ ఆకు నలిపి పసరు అద్దాను. గాలికి ఎర్రమన్ను ఇట్టే ఆరిపోయింది. ఆ గోరంత పచ్చ మాత్రం చాలాసేపు తడిగానే ఉంది.