నీళ్ల జీవుల కట్ట

మేడ్చల్‌లో మేం కిరాయికున్న ఇల్లు రెండంతస్తులది. పైన ఇంటివాళ్లు, కింద రెండు గదుల్లో మేం: కొడుకు, కోడలు, మనవరాలు, నేను. కొడుకు ఆటో నడిపేవాడు. కోడలు కుట్టుపనికి పోయేది. నేను పొద్దున్నే శామీర్‌పేట చెరువు కాడికి పోయి చేపలు తెచ్చి మేడ్చల్ మార్కెట్‌లో అమ్మేదాన్ని. ఇంటివాళ్లు ముందునుంచీ భూములున్నవాళ్లు. పొలాలు ప్లాట్లయ్యాక ఇంకా ఉన్నవాళ్లయ్యారు. ఇంటామెను అందరూ పటేలమ్మ అనేవాళ్లు, నేనూ అదే అనేదాన్ని. ఆమె మనవరాలూ నా మనవరాలూ ఒకే బడి, ఒకే క్లాసు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, వాళ్లిద్దరూ ఐదో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో జరిగిందిది.

ఆ ఏడు పిల్లలకు కార్డుల పిచ్చి పట్టింది. పేకముక్కలంత ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో జీవి బొమ్మ. రెక్కల పాములు, కొమ్ముల చేపలు, నిప్పు కక్కే నక్కలు, అన్నీ లోకంలో ఎక్కడా లేనివే. బొమ్మ కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, మూలన ఒక అంకె. ఆ అంకె దాని బలమట. వాటిని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి ఆడేవాళ్లు. సుచిత్ర చౌరస్తాలో ఒక బొమ్మల దుకాణమతను సెలవుల్లో ప్రతి ఆదివారం పిల్లలను పిలిచి బల్లలు వేసి ఈ ఆట ఆడించేవాడు. ఇద్దరు కలిసి ఒక జట్టు. ఒక్కొక్కరూ ఒకే జాతి జీవులతో తమ కట్ట పేర్చుకోవాలి. నీళ్లవైతే అన్నీ నీళ్లవే, నిప్పువైతే అన్నీ నిప్పువే.

పటేలమ్మ మనవరాలు, అదే పైపిల్ల, మా పిల్లను జట్టుకు పిలిచింది. తనది నిప్పు, మా పిల్లది నీళ్లు.

అంతకు ముందు మా పిల్ల పైకి పోవడమంటే నీళ్ల మోటరు వెయ్యమని అడగడానికే. అదీ గుమ్మం బయట నిలబడి. ఇప్పుడు వాళ్ల హాల్లో ఫ్యాను కింద కూర్చుని కార్డులు పరుచుకుంటోంది. పైనుంచి దిగి వచ్చినప్పుడు ఆమె నడకే వేరుగా ఉండేది.

"క్లాసుల గంతమందున్నా నన్నే అడిగింది అవ్వా," అంది నాతో. "నాకు ఆట మంచిగొస్తదని అనుకుంటాంది. ఈ ఒక్కసారి మంచిగ ఆడితె సెలవులన్ని నన్నే తీస్కపోతది."

శనివారం సాయంత్రం చాప మీద తన కార్డులన్నీ పరిచింది. కట్టలో పెట్టనిచ్చేవాటికన్నా ఆమె దగ్గర నీళ్ల జీవులు ఎక్కువే ఉన్నాయి. కొన్ని తీసెయ్యాలి. ఏవి ఉంచాలో, ఏవి తియ్యాలో తేల్చుకోలేక నన్ను పిలిచింది.

"నువ్వు జెప్పు. నీళ్లల్ల ఉండేటియి నీకే ఎర్క గద."

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నాను.

మా చెరువులో ఒక పద్ధతి ఉంది. వానలు పడ్డాక చేప పిల్లలను పోస్తారు, ఎండాకాలం నీళ్లు తగ్గాక వల వేస్తారు. వల ఒడ్డుకు లాగగానే మొట్టమొదట చేసే పని ఏరడం. అరచేతికన్నా చిన్నదేదైనా నీళ్లలోకి పోవాలి. ప్రాణం ఉండగానే పోవాలి. నా పెళ్లయిన కొత్తలో కూరకని రెండు చిన్న బొచ్చె చేప పిల్లలను కొంగులో దాచుకుంటే, మా అత్త ఒడ్డు మీద అందరి ముందూ నా కొంగు విప్పించింది. అప్పటినుంచి నా చెయ్యి నన్ను అడగకుండానే ఏరుతుంది. చిన్నది కనపడితే పక్కకు తోసేస్తుంది.

కార్డులు కూడా అట్లాగే ఏరాను.

"గిదేంది, గింతే ఉన్నది?"

"పిల్ల అవ్వా. గీ పెద్దదాని పిల్ల."

"పిల్లను పట్టుకొని కొట్లాటకు పోతవా? దీని అంకెంత?"

"పది."

"దీని తల్లిది?"

"నూరు."

"మరి నూరుదాన్ని ఇంట్ల పెట్టి పదిదాన్ని తీస్కపోతరా ఎవలన్న? ఇన్నేండ్లు నన్ను జూసి ఏం నేర్సుకున్నవే?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే పెద్ద చేప కార్డు తీసి బొమ్మ కింద రాత మీద వేలు పెట్టింది.

"గని అవ్వా, గీడ రాసుంది. ముందుగాల పిల్ల దిగాల్నట. పిల్ల ఉంటెనే దాని మీద పెద్దది దించాల్నట."

"ఎవలు రాసిన్రు?"

"కంపెనోల్లు."

"ఆల్లు ఏ చెరువుల దిగిన్రు? గంత పెద్ద చేపకు పిల్లతోని ఏం పని? రాసినయన్ని నిజమైతయా? నేను జెప్తున్న గద, తీసెయ్."

ఆ మాట అన్నది నేను. నాకు నలభై దాటాక చదువొచ్చింది. తొంభైల్లో, మేడ్చల్‌కు రాకముందు, శామీర్‌పేటలో మా వాడకట్టున సాయంత్రాలు పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పేవాళ్లు, అక్కడ నేర్చుకున్నాను. అంతకు ముందు కరీంనగర్ పోయే బస్సేదో, మన బస్సేదో పక్కవాళ్లను అడిగి ఎక్కేదాన్ని. కొందరు చెప్పేవాళ్లు. కొందరు "బోర్డు కనిపిస్తలేదా?" అని మొహం మీదే అనేవాళ్లు. బోర్డు కనిపించేది, అదే కదా బాధ. చదవడం వచ్చాక చాలా రోజులు కనపడిన గోడనల్లా పైకి చదివాను, కోడలు విసుక్కునేదాకా చదివాను. అట్లాంటిదాన్ని, ఆ కార్డు మీది రాత ఇంగ్లీషు కాబట్టి, అది నాకు రాదు కాబట్టి, దానికి విలువే లేదన్నాను. నాకు తెలిసిన అక్షరాలైతే ఆగి చదివేదాన్నేమో. బస్సుల కాడ నన్ను చిన్నబుచ్చినవాళ్లు కూడా ఇంత పని చెయ్యలేదు.

పిల్ల ఒక్క క్షణం నా మొహం చూసింది. ఆమెకు కూడా ఆట కొత్త. పైపిల్ల చూపించినంతే తెలుసు. రాత ఒకటి చెబుతోంది, అవ్వ ఒకటి చెబుతోంది. అవ్వ మాట విన్నది.

ఇద్దరం కలిసి పెద్దవాటినే పెట్టాం. కొండంత తాబేలు, పళ్ల చేప, మొసలి తల జీవి ఒకటి. ఒకదాని పొట్ట ఉబ్బెత్తుగా ఉంటే గుడ్లతో ఉందేమోనని దాన్నీ పక్కన పెట్టించాను. మిగిలిన చిన్నవన్నీ పట్టుకుపోయి గల్లీలో ఆడుకునే పిల్లలకు పంచేశాను. నీళ్లలోకి వదిలినంత తృప్తి కలిగింది నాకు.

ఆదివారం పటేలమ్మ వాళ్ల కారులో సుచిత్రకు పోయాం. పిల్లలకు తోడు పొమ్మని నన్నే పంపారు. చేపల వాసన పోవాలని సబ్బుతో రెండుసార్లు స్నానం చేశాను. దుకాణంలో గోడ వెంట కుర్చీలు వేసి తల్లులను కూర్చోబెట్టారు. వాళ్ల మధ్యన నేనూ కూర్చున్నాను. అందరికీ వినపడేటట్టు "నీళ్లయి మా పిల్లయే," అని కూడా చెప్పాను.

మా పిల్లలకు ఎదురుగా ఇద్దరు అన్నదమ్ములు. మా పిల్ల కట్ట కలిపి కొన్ని కార్డులు చేతిలోకి తీసుకుంది. పైపిల్ల ముందుగా ఒక బుల్లి నక్కను బల్ల మీద దించింది. తన వంతు మళ్లీ వచ్చినప్పుడు దాని మీద పెద్ద నక్కను పెట్టింది. అది చూశాక నాకు అర్థమైంది. ఇంగ్లీషు రానక్కర లేదు, కళ్లుంటే చాలు.

మధ్యలో మా పిల్ల వంతూ వచ్చింది. చేతిలో అన్నీ పెద్దవే. ఏదీ దించడానికి లేదు. కట్టలోంచి ఇంకో కార్డు తీసుకుంది, అదీ పెద్దదే. మళ్లీ వంతు వచ్చింది, మళ్లీ అంతే. కార్డులను ఛాతీకి ఆనించి పట్టుకుని కూర్చుంది. దుకాణమతను వచ్చి వంగి చూశాడు. మంచివాడే, గొంతు తగ్గించే అడిగాడు.

"చిన్నవి లేవా పాపా? పిల్లలు లేకుండా వీటిని ఎట్లా దింపుతావ్?"

అన్నదమ్ముల్లో చిన్నవాడు ఆ మాట పట్టుకున్నాడు. "అరే, అన్ని పెద్దయే తెచ్చిందిరో! ఒక్కటి గూడ దిగదు!" అని బల్ల చరిచి నవ్వాడు. పక్క బల్లల పిల్లలు ఆట ఆపి చూడ్డానికి వచ్చారు. పైపిల్ల మా పిల్ల చేతిలోంచి కార్డులు లాక్కుని ఒక్కొక్కటే తిప్పింది.

"ఎవరు పేర్చారే ఇది?"

"నేనే," అంది మా పిల్ల. "చిన్నయి పెట్టుడు మర్చిపోయిన."

అనేటప్పుడు నా వైపు చూడలేదు. చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందని చూడలేదు. అప్పుడే వచ్చి నా పక్కన కూర్చున్న తల్లి ఒకామె నాతో, "పాపం, ఇంట్ల చెప్పేటోల్లు లేరేమో," అంది. నేను తలూపాను. మార్కెట్‌లో తూకం దగ్గర ఎంత పెద్దమనిషినైనా కడిగిపారేసేదాన్ని. నా నోటికి జడిసి ఎదుటి బుట్టలామె జాగా మార్చుకుంది. ఆ కుర్చీలో మాత్రం తలూపాను, పైగా అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో వెనక సీటు నుంచి పైపిల్ల మాట వినపడింది. "పర్లేదులే. నేను కూడా మొదట్లో ఒకసారి మర్చిపోయా. వచ్చే ఆదివారం చూసి పేర్చుకో." మా పిల్ల "సరే, సరే," అని గబగబా అంది. ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ మళ్లీ నవ్వుకుంటున్నారు. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

ఊరుకోలేదు. నా తప్పును పిల్ల నెత్తిన పెట్టుకుందని లోపల ఒకటే గుంజులాట. మర్నాడు మార్కెట్ నుంచి రాగానే, పిల్లతో ఒక మాటైనా అనకుండా పైకి పోయాను. పటేలమ్మ హాల్లో పీట వేసుకుని తొక్కు పచ్చడికి మామిడికాయలు కోస్తోంది. పైపిల్ల పక్కన కూర్చుని ఉప్పుకారం అద్దుకుని ముక్కలు తింటోంది.

"పటేలమ్మా, నిన్న ఆట ఖరాబైంది నాతోని," అన్నాను. "మా పిల్లది తప్పు లేదు. కార్డులు నేనే ఏరిన."

"నువ్వు ఏరుడేందే?"

చెప్పాను. వల సంగతి, చిన్నవాటిని వదిలెయ్యడం, గుడ్లతో ఉన్నదాన్ని పక్కన పెట్టడం, అన్నీ చెప్పాను. పటేలమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. నవ్వి నవ్వి కళ్ల నీళ్లు తుడుచుకుంది.

"చేపలను ఏరినట్టు ఏరినవా? ఓయమ్మో! బొమ్మలకు గూడ గుడ్లుంటయా? ఓ కోడలా, ఇట్ల రా, గీమె ముచ్చట ఇను!"

వాళ్ల కోడలు వచ్చింది. మళ్లీ చెప్పించుకున్నారు, మళ్లీ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. ఇంకొకరి సంగతైతే నేనూ అంతే నవ్వేదాన్ని. నా మీద నవ్వితే నవ్వనీ, పిల్ల మీది మాట పోయింది కదా అనుకుంటూ నిలబడ్డాను. పైపిల్ల ఒక్కతే నవ్వలేదు.

"అంటే కార్డులు మీరు పెట్టారా? తను కాదా?"

"నేనే బిడ్డా."

"తనకి రూల్ తెలీదా?"

"ఎందుకు తెల్వది? రాసుందని నాతోని జెప్పింది. నేనే ఇనలే."

ఆ అమ్మాయి ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "రూల్ తెలిసి కూడా, మీరు చెప్పారని తీసేసిందా?"

పటేలమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. నేను మెట్లు దిగి వచ్చాను.

కింద గుమ్మంలో మా పిల్ల నిలబడి ఉంది. పైనుంచి నవ్వులు విన్నట్టుంది.

"పైకెందుకు పోయినవ్?"

"ఉన్నది జెప్పొచ్చిన. నా తప్పుకు నీ మీద మాటెందుకు?"

"నిన్నెవలు జెప్పమన్నరు?" ఆమె గుమ్మంలోంచి పక్కకు జరగలేదు. "మర్చిపోయిన అంటె ఎవలన్న మర్చిపోతరు. ఆమె గూడ మర్చిపోయిందట. ఇప్పుడు నాకు తెలివే లేదనుకుంటది. ఆటల మా అవ్వను అడుగుతనని అనుకుంటది."

అప్పుడు తెలిసింది నాకు, నేను పైకి పోయింది ఆమె కోసం కాదని. నా గుంజులాట తీర్చుకోవడానికి పోయాను. అబద్ధమాడి ఆమె నిలబెట్టుకున్న చోటును నేను నిజం చెప్పి ఊడగొట్టి వచ్చాను. ఆ పూట నేను వండింది ఆమె తినలేదు. మా కోడలు వచ్చి ఏమైందని అడిగితే ఇద్దరం ఏం లేదన్నాం.

ఆ వారం గల్లీలో తిరిగి, నేను పంచిన చిన్న కార్డుల కోసం అడిగాను. ఒకడు తన కార్డును సైకిలు చక్రం పుల్లలకు కట్టుకున్నాడు, టపటపా మోగడానికి. ఒకతి దగ్గర తడిసి మెత్తబడింది. దొరికిన వాటిని తుడిచి ఆమె పుస్తకాల పక్కన పెట్టాను. చూసింది, ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున పైపిల్ల కిందికి వచ్చింది. చేతిలో రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి ఉంది.

"ఇదిగో, నీళ్లది. నేనే పేర్చాను. నువ్వేం మార్చకు. ఏది ఎప్పుడు దించాలో నేను చెప్తా, అప్పుడు దించు, చాలు."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఒద్దంటుందేమో, తన కట్ట తనే పేర్చుకుంటానంటుందేమో అని చెవులు రిక్కించాను. మా పిల్ల "సరే" అంది. కట్ట విప్పి లోపల ఏ జీవులున్నాయో కూడా చూడలేదు. ఈసారి తోడుకు నన్ను పిలవలేదు.

మధ్యాహ్నం కారు వచ్చి ఆగింది. మా పిల్ల లోపలికి వచ్చి కుండలో నీళ్లు ముంచుకుని తాగింది.

"గెలిచిన్రా బిడ్డా?" అన్నాను.

"ఆమె గెలిచింది," అంది. గ్లాసు బోర్లించి, రబ్బరు బ్యాండు సరిగ్గా వేసి, ఆ కట్టను తిరిగి ఇచ్చి రావడానికి పైకి పోయింది.