ఆసుచి అని వెళ్లినవాడు

"ఆసుచి."

"బేగి రా. పులుసు సల్లారిపోద్ది."

నేనూ మా ఆయనా ఆఖరున అనుకున్న మాటలు ఈ రెండే. ఆసుచి అంటే ఒడియాలో వస్తున్నానని. మా బరంపురంలో గడప దాటి పోయేవాళ్లూ అదే అంటారు, మనం వెళ్లొస్తానన్నట్టు. తెలుగువాళ్లమే అయినా మా ఆయన నోట ఎప్పుడూ ఆ మాటే. లంజిపల్లి నుంచి గోపాలపూర్‌కి ఆటో నడిపేవాడు. పొద్దున్నొకసారి, అన్నం తిన్నాక ఒకసారి ఆసుచి అనేవాడు. రెండుసార్లూ వచ్చేవాడు.

ఆ ఆఖరి ఆసుచికి ముందు ఏడాది నా తలలో నరం బుడగలా ఉబ్బి పగిలింది. చేపలు కడుగుతున్నాను, వెనకనుంచి ఎవరో దుంగతో కొట్టినట్టయింది, అంతే. పుర్రె తెరిచి ఆ నరానికి క్లిప్పు పెట్టారట. ఇంటికొచ్చాక ఆయన నన్ను నవ్వించబోయాడు.

"క్లిప్పు లోపలెట్టీసినారు కదే, ఇంక జడకెందుకు?"

కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి కదా, నయమైపోయిందన్నారు అందరూ. నయం కాలేదు. బిందె అనబోతే చీపురు అని వచ్చేది. పాతవన్నీ ఉన్నాయి, కొత్తవి నిలవవు. కూరలో ఉప్పు మళ్లీ మళ్లీ వేసేదాన్ని. ఆయనే ఒక దారి చూపించాడు: ఉప్పు వేశాక గిన్నె మూత బోర్లించి పెట్టమన్నాడు. మూత బోర్లా ఉంటే వేసేసినట్టే.

ఆ రోజు గోపాలపూర్‌లో, ఆటోలో కూర్చున్నచోటే ఆయన గుండె ఆగిపోయిందట. ఇంటికి తెచ్చారట. నేను మీదపడి ఏడ్చానట. ఈ 'అట'లన్నీ, నరం పగిలాక జరిగినవన్నీ మా అన్న కూతురు చెప్పినవి. ఈ హల్దియాపదర్ ఇంట్లో నాతోనే ఉంటుంది, ఇది రాస్తున్నదీ తనే. పులుసు మాట కూడా తను విన్నదే. నాకు మిగిలింది ఆసుచి ఒక్కటే. ఎన్నేళ్లుగానో విన్నది కాబట్టి నిలిచిందేమో.

మధ్యాహ్నమైతే రెండు కంచాలు పెడతాను.

"అత్తా, మావయ్య లేడు. సచ్చిపోనాడు."

"నోరు ముయ్యి. ఇప్పుడే గదా ఆసుచన్నాడు!"

అప్పుడు చేతులు చూసుకుంటాను. గాజులుండవు. మొదటిసారి విన్నట్టే ఏడుస్తాను. ఆయన మూతకు చెప్పిన ఉపాయం పిల్ల ఆయన కంచానికి చేసింది, బోర్లించి పెట్టింది. కడిగి ఆరబెట్టిందనుకుని నేను తిరగేసి అన్నం వడ్డించాను.

ఇవాళ నా ఏడుపు చూడలేక అబద్ధమాడింది.

"ఒస్తన్నాడత్తా. బండి ఆగిపోనాదంట."

గుమ్మంలో కూర్చున్నాను. లేచి పులుసు వేడిచేసి మళ్లీ కూర్చున్నాను. ఎండ గడప దాకా వచ్చింది. నా ఒళ్లో చేతుల మీద పడింది. బోసి చేతులు.

"నా మొగుడి సావు నా కాడే దాస్తావేటే?"

"రోజూ సెప్పాలంటే నావల్ల కావట్లేదత్తా. సెప్పినప్పుడల్లా నేనే సంపినట్టుంటాది."

ఆ మాటకు నా కోపం చచ్చిపోయింది. దాని మావయ్య దానికీ పోయాడు కదా. నాకు పేరు రాసుకోవడం తప్ప అక్షరం రాదు. అందుకే కాగితం తెచ్చి నేను చెప్పింది రాయమన్నాను. రేపు నేను రెండు కంచాలు పెడితే అది నాకేమీ చెప్పక్కర్లేదు, ఇది చదివి వినిపిస్తే చాలు. ఏడిస్తే ఏడుస్తాను. ఆయన కోసం ఏడవడం కూడా మరిచిపోతే ఇంక నాకేముంది?

అయిందా రాయడం? ఏటి రాసినావో ఏటో. ఏదీ, ఆ ఆసుచి కాడ్నించి ఒకసారి సదువమ్మా.